డోరు మీద అరచేతంత మసక

ఫోను మోగేసరికి ఆమె చేతిలో గిన్నెలు తోమే పచ్చ పీచు ఉంది. మోచేతుల దాకా నురగ, ఒంటి మీద భర్త పాత చొక్కా, ఫోనేమో కారు పైకప్పు మీద ఎండలో బర్రుమని వణుకుతోంది. తడి వేళ్లతో అందుకుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని "చెప్పు" అంది. అవతల భర్త చెప్పలేదు, అరిచాడు. "చదివేశాడు! కట్టు విప్పగానే నాన్న చదివేశాడు! గోడ మీద అక్షరాలు పై వరస నుంచి చిట్టచివరి వరస దాకా గడగడా చదివేశాడు! డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది తెలుసా!" వెనకాల అత్తయ్య గొంతు, ఏడుపో నవ్వో ఆమెకే తెలియనట్టు ఎగిరెగిరి పడుతోంది. "నిజంగానా!" అంది ఆమె, గెంతింది కూడా, నురగ చింది కాళ్ల మీద పడింది. అంతా సరిగ్గానే చేసింది. కానీ గొంతు లేవడానికి అర క్షణం ముందు, ఎవరూ పిలవకుండానే మనసులో ఒక మాట వచ్చి కూర్చుంది. చూపు కాస్త మసకగానే వచ్చి ఉంటే బాగుండేది.

అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు, రేపు పదింటికి ఇంటికి పంపించేస్తారట, కళ్లలో చుక్కలు రోజుకి ఆరుసార్లట, దుమ్ములోకీ పొయ్యి దగ్గరకీ నెల రోజులు వెళ్లకూడదట, "ఇంకో గంటలో చేస్తాను, నీతో మాట్లాడతానంటున్నాడు, ఇప్పుడు ఏవో పరీక్షలున్నాయి, ఏయ్ మేడంగారూ, వింటున్నావా?" అన్నాడు. "వింటున్నాను" అంది. వినడం లేదు. ఆమె కళ్లు కారు ఎడమ వైపు ముందు డోరు మీద ఉన్నాయి. ముదురు నీలం రంగు, నిలువుటద్దంలా ఉండే రంగు, అందులో చూసుకుని ఆమె ఎన్నిసార్లు జుట్టు సర్దుకుందో. పిడి కింద అరచేతంత మేర ఆ అద్దం పోయింది. ఎవరో నోటితో ఊది ఆవిరి పట్టించినట్టు మసక. తుడిస్తే పోయే ఆవిరి కాదని నీళ్లు పోసి చూసి, ఆరబెట్టి చూసి, చొక్కా అంచుతో రుద్ది చూసి తెలుసుకున్నాకే ఫోను మోగింది. నీళ్లు పోసినంతసేపూ ఏమీ కానట్టే ఉంటుంది, ఆరగానే మళ్లీ తేలుతుంది.

బకెట్టు బోర్లించి దాని మీద కూలబడింది. చదువుకున్నదాన్ని, అనుకుంది, డిగ్రీలో మూడేళ్లు రసాయన శాస్త్రం చదివాను, ఏది దేనిలో కరుగుతుందో పది పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను, తీరా చెట్టు జిగురు కనపడగానే గోరుతో గీరాను, గోరు విరిగింది, తర్వాత వంటింట్లోకి పరుగెత్తి పీచు తెచ్చాను. మాడిన గిన్నె అనుకున్నానేమో. ఎంత ఉత్సాహం అప్పుడు! పొద్దున అతనూ అత్తయ్యా ఆటోలో ఆసుపత్రికి వెళుతుంటే "నేను ఉండి ఇల్లు సర్దుతాను" అంది, అత్తయ్య గడ్డం పట్టుకుని "బంగారం" అంది, ఆ మాటకి లోపల తియ్యగా అయిపోయింది. మామయ్య వచ్చేసరికి కారు తళతళలాడుతూ ఉండాలి, అందరూ ఆశ్చర్యపోవాలి, తను ఏమీ ఎరగనట్టు తలుపు దగ్గర నిలబడాలి. ఆ నిలబడటం ఎలాగో కూడా ఆలోచించుకుంది. చేతులు వెనక్కి పెట్టుకుని.

అసలు ఆ చుక్కలు ఎలా పడ్డాయో తలచుకుంటే ఒంటరిగా ఉన్నా చెవులు వేడెక్కాయి. ఇల్లు రెండు గదులు. మధ్యన ఉన్నది గోడ కాదు, చెక్క పలక. అటు మామయ్య దగ్గితే ఇటు దిండు కదిలినట్టుంటుంది. పెళ్లయి యాభై మూడు రోజులు, రోజులు లెక్కపెట్టుకుంటున్నందుకు అతను ఏడిపిస్తాడు, కానీ లెక్క ఎలా మానుతుంది, అన్నీ కొత్తే కదా, ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉండటం కొత్త, అల్మరాలో సగం అర కొత్త, కొట్టువాడు అడక్కపోయినా "మా ఆయనకి ఈ బ్రెడ్డే ఇష్టం" అని చెప్పడం కొత్త, అత్తయ్య ముందు "మీరు" అనీ తలుపు మూయగానే "నువ్వు" అనీ పిలవడం కొత్త. కానీ ఆ పలక పక్కన "నువ్వు" అనేదాన్ని కూడా గుసగుసగానే అనాలి. అందుకని కారు. రోజూ సాయంత్రం ఏడు కొట్టగానే అతను తాళాలు గలగలలాడించి "పెట్రోలు కొట్టించుకుని వస్తాం" అంటాడు, ఇద్దరూ వీధి చివరి దాకా, నిండా రెండు వందల గజాలు కూడా ఉండదు, వెళ్లి ఆ పెద్ద చెట్టు కింద ఆపుతారు, తిరిగి వచ్చేటప్పుడు నడిపేది ఆమే. చెట్టు పేరు ఇద్దరికీ తెలియదు. దీపస్తంభం వెలుగు ఆకుల్లోంచి బానెట్టు మీద చిల్లులు చిల్లులుగా పడుతుంది. అక్కడ గట్టిగా మాట్లాడుకోవచ్చు. గట్టిగా నవ్వచ్చు. ఊరికే కూర్చుని వేరుశనగకాయలు ఒలుచుకోవచ్చు. ఒక్కోసారి పైకప్పు మీద టప్ అని చప్పుడయ్యేది, "వాన" అనేది ఆమె, "వాన కాదు, చెట్టు మనకి దీవెనలు" అనేవాడతను. ఆ దీవెనలే ఇప్పుడు పదిహేడు లెక్కకి వచ్చాయి, బానెట్టు మీద ఆరు, పైకప్పు మీద తొమ్మిది, అద్దం అంచున ఒకటి, డోరు మీద పిడి కింద ఒకటి. తేనె బొట్లలా ఉండి, ముట్టుకుంటే గాజులా గట్టిగా.

ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? రోడ్డంతా ఖాళీగా ఉండగా చెట్టు కిందే ఎందుకు పెట్టారమ్మా అని మామయ్య అడిగితే? ఆయన అడగడు. అడగకపోవడమే ఇంకా కష్టం. ఆయన ముప్పై నాలుగేళ్లు కార్ల షెడ్డులో రంగు మేస్త్రి. అడగకుండానే చెయ్యి పెట్టి చెప్పేస్తాడు, ఈ బండి ఎక్కడ గుద్దుకుంది, ఎవరు పుట్టీ పెట్టారు, ఎన్ని పూతలు వేశారు. పెళ్లయిన మొదటి వారంలోనే ఆమెకి ఆ విద్య చూపించాడు. పల్చటి ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని రంగు మీద మెల్లగా జరపమన్నాడు. ఉత్త చేతికి తగలని ఇసుక రేణువు కూడా సంచిలోంచి కందిగింజలా తగిలింది, ఆమె "అబ్బో!" అని అరిస్తే ఆయన పసిపిల్లాడిలా మురిసిపోయాడు. "కళ్లు మోసం చేస్తాయమ్మా, సంచి చెయ్యదు" అన్నాడు. అప్పటికే ఆయన కళ్లు ఎంత మోసం చేస్తున్నాయో ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. రెండు కళ్లలోనూ పొరలు ముదిరిపోయాయి, ఇన్నాళ్లు ఏం చేస్తున్నారని తర్వాత డాక్టరమ్మ కేకలేసింది. ఏం చేస్తున్నాడు? కారు చేస్తున్నాడు. తుక్కుగా పడి ఉన్న బండిని తెచ్చుకుని, సొట్టలు సరిచేయించి, కొడుకు పెళ్లినాటికి తయారవ్వాలని పట్టుబట్టి, కంటి సంగతి పెళ్లయ్యాక చూద్దాంలెమ్మని వాయిదా వేసి, నీలం కలుపుతూ "ఇది నీలమేనా?" అని అత్తయ్యని అడిగి అడిగి, చివరి పూతలు చూపుతో కాదు చేత్తో వేశాడు. తను వేసిన ఆ రంగుని ఆయన ఇంతవరకూ సరిగ్గా చూడలేదు. పన్నెండు రోజుల కిందట మొదటి కంటికి ఆపరేషను చేశారు, అది పెద్దగా పలకలేదు, వాచిపోయింది, అక్కడే ఉంచేశారు. ఉన్న ఆశ అంతా నిన్న చేసిన రెండో కన్ను. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు అన్నాడు కదా, "కట్టు విప్పాక ముందు నా కారు చూడాలి" అని. "నన్ను కాదా?" అంది అత్తయ్య. "నిన్ను ముప్పై ఏళ్లు చూశాను, నీ మీద నాకు డౌటు లేదు. నీలం మీదే డౌటు" అన్నాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది తనే.

లేచింది. కూర్చుంటే ఆ మాటే గుర్తొస్తోంది, చూపు మసకగా వచ్చి ఉంటే అన్నది, అది తన గొంతుతోనే వినపడుతోంది, ఇంకెవరి మీదా తొయ్యడానికి లేదు. వంటింట్లోంచి వేణ్నీళ్లు తేవాలనుకుని గిన్నె కోసం చెయ్యి చాచింది, మామయ్య రోజూ పొద్దున తీసుకెళ్లే చిన్న సత్తు గిన్నె. చెయ్యి అక్కడే ఆగిపోయింది. రోజూ ఆరున్నరకి ఆయన తనంతట తనే నీళ్లు కాచుకుని, గిన్నె రెండు చేతులా పట్టుకుని, అడుగు తడుముకుంటూ, కారు ఉండే పెరటి వైపు వెళ్లేవాడు. మొహం కడుక్కోవడానికి అనుకుంది. "నేను కాచి ఇస్తాను మామయ్యా" అంది ఒకసారి. "వద్దమ్మా, ఇది నా పని" అన్నాడు. భుజం మీద తువ్వాలు కాదు, ఫ్లానెలు గుడ్డ. కారు గుడ్డ. యాభై మూడు రోజుల్లో దాదాపు అన్ని సాయంత్రాలూ ఆ చెట్టు కిందే ఆపారు, టప్ టప్ అని ఎన్ని పడలేదు, మరి తెల్లారితే ఒక్క చుక్కైనా కనిపించిందా? లేదు. ఆయన ఆసుపత్రికి వెళ్లాకే చుక్కలు నిలిచాయి. పన్నెండు రోజులకి పదిహేడు. అంటే, అయ్యో, అంటే ఆయనకి తెలుసు. చెట్టు సంగతి తెలుసు, పెట్రోలు సంగతి తెలుసు, నవ్వుకుని ఉంటాడు, లేక నవ్వలేదేమో, కనపడని కళ్లతో అరచేత్తో వెతికి వెతికి, వేడి గుడ్డ ఆనించి మెత్తబరచి, ఒక్కొక్కటే తీసి, మళ్లీ సాయంత్రం "పెట్రోలు కొట్టించుకుని వస్తాం" అంటే "వెళ్లిరండర్రా, నెమ్మదిగా" అనేవాడు. గిన్నె అంచు వంటింటి గట్టుకి తగిలి ఠంగుమంది. సిగ్గు అనేది మొహానికే వస్తుందని ఇంతకాలం అనుకుంది, కాదు, అరికాళ్ల దాకా వస్తుంది.

డెంటు బాబాయ్‌కి ఫోను చేసింది. షెడ్డులో మామయ్యతో పాతికేళ్లు సొట్టలు తీసినవాడు, పెళ్లిలో అందరికన్నా ఎక్కువ ఫొటోలు దిగినవాడు. "బాబాయ్, మా ఫ్రెండు కారు మీద చెట్టు జిగురు పడింది" అంది.

"ఏ రంగు కారమ్మా?"

"ఏదో... నీలం."

"ఏదో నీలమా! సరే మీ ఫ్రెండుకి చెప్పు, గీకద్దని. వేడిగుడ్డ ఆనించి మెత్తబడనివ్వు. లొంగకపోతే, సూది గుచ్చేముందు చేతికి రాస్తారు చూడు, ఆ స్పిరిట్ మెత్తటి గుడ్డకి తడిపి చుక్క మీద ఉత్తినే పెట్టు. అరవై లెక్కపెట్టు. అదే జారుతుంది. వెంటనే నీళ్లు కొట్టెయ్, లేకపోతే రంగుని కూడా తాగేస్తుంది."

"ఇప్పటికే గీకేస్తే? పీచుతో?"

అటు సుత్తి చప్పుడు ఆగిపోయింది. "మేస్త్రి కారేనా?" అన్నాడు. ఆమె విరిగిన గోరు చూసుకుంది. "అమ్మా, ఇంకొకరిదైతే ఇవాళే తెచ్చెయ్, సాయంత్రానికి డోరు మొత్తం కొట్టేస్తాననేవాణ్ణి. ఆ నీలం మీద నేను చెయ్యి పెట్టను. అది ఆయన కలిపింది, డబ్బా మీద నంబరు ఉండదు. ఏదో ఒకటి కొడితే వీధి అవతల నుంచే పట్టేస్తాడు. అవునూ, కట్టు విప్పారా?"

"విప్పారు. అన్నీ చదివేశారట."

"హమ్మయ్య!" అన్నాడు బాబాయ్, ముక్కు చీదుకున్నాడు, "హమ్మయ్య తల్లీ" అని మళ్లీ అన్నాడు. ఆ హమ్మయ్యలో ఒక్క నలుసు లేదు. ముందు రావలసిన మాట అదీ, అనుకుంది ఆమె, బయటివాడికి వచ్చింది, నాకు రాలేదు.

మందుల డబ్బాలో స్పిరిట్ సీసా దొరికింది. మిగిలిన పదహారు చుక్కలు. గుడ్డ తడిపి మొదటి దాని మీద పెట్టి లెక్కపెట్టసాగింది, ఒకటి, రెండు, ముక్కులోకి ఆసుపత్రి వాసన, ఎనిమిది, తొమ్మిది, ఇప్పుడు ఆయన ఏం చూస్తూ ఉంటాడు, కిటికీ, కొడుకు చొక్కా గుండీలు, ఇరవై మూడు, రెండో కన్ను కూడా పలకకపోతే ఏమయ్యేదో ఒక్కసారైనా ఆలోచించానా, నలభై, నా డోరు దాక్కోవడానికి ఒక మనిషి కన్ను కావలసి వచ్చిందా, యాభై ఎనిమిది, అరవై. గుడ్డ ఎత్తితే తేనె బొట్టు కరిగి జారింది, ఏ శ్రమా లేకుండా. కింద నీలం చెక్కుచెదరలేదు. ఆ క్షణాన ఆమెకి సంతోషం ముంచుకొచ్చింది, ఏం చేస్తుంది, అలాంటి మనిషి, చిన్నది ఏదైనా సరిగ్గా జరిగితే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, నీళ్లు కొట్టింది, రెండోది, మూడోది, పైకప్పు మీదివాటికి బకెట్టు ఎక్కింది, ఐదోది జారినప్పుడు కూనిరాగం కూడా తీసింది, తీస్తూ తీస్తూ డోరు కంటపడగానే రాగం గొంతులోనే ఆగింది. ఇంత సులువా. ఒక గుడ్డ, అరవై అంకెలు. ఓపిక లేకపోవడం తప్ప ఇంకే తప్పూ చెప్పుకోవడానికి లేదు.

పదహారూ అయ్యాయి. కారు ఒక పక్క నుంచి చూస్తే పెళ్లినాటిలాగే ఉంది. దాచేయచ్చు. కవరు కప్పి, బాటరీ దిగిందనో ఏదో అని నాలుగు రోజులు. లేదా ఎడమ పక్కని గోడ వైపుకి పెట్టి. అతనితో చెబితే "నాన్నకి నేను చెబుతాలే, నేనే గీకానంటాను" అంటాడు, అనేస్తాడు కూడా, అతను అలాంటివాడే, అతను అలాంటివాడు కావడం కూడా ఈ యాభై మూడు రోజుల్లో దొరికినదే, దాన్ని ఇలా ఖర్చు పెట్టబుద్ధి కాలేదు. వేలితో డోరు తడిమింది. ఏమీ తగలలేదు. కంటికి మాత్రం ఉంది. చూపు లేని మామయ్యకి అయితే ఈ మసక దొరికేది కాదేమో, చూపు ఉన్న మామయ్యకి మొదట దొరికేది ఇదే.

ఫోను మోగింది. ఈసారి చేతులు పొడిగా ఉన్నాయి.

"అమ్మాయ్!" అన్నాడు మామయ్య. ఆ గొంతు పదేళ్లు చిన్నదైపోయింది. "చివరి వరస మరీ చీమలంత ఉందమ్మా. వాడు చదవలేకపోయాడు, నేను చదివాను."

"అబద్ధం, నేను అసలు చూడనేలేదు" అని వెనక నుంచి కొడుకు.

"మీ అత్తయ్య జుట్టు ఎప్పుడు తెల్లబడిందో నాకు చెప్పనే లేదు" అన్నాడు మామయ్య.

"చెబితే రంగు వేస్తానంటారు, అందుకే" అంది అత్తయ్య.

నవ్వులు. ఆమె కూడా నవ్వాలి. నవ్వితే ఇంక చెప్పడం అవదు. "మామయ్యా" అంది.

"రేపు ట్యాక్సీలో వచ్చేస్తాంలే అమ్మా, నువ్వు..."

"మామయ్యా, నేను కారు పాడుచేశాను."

అటు ఎవరో మందుల బండి తోసుకెళుతున్న చప్పుడు. ఆమె ఆగకుండా చెప్పేసింది, జిగురు పడిందని, గోరుతో గీరానని, పీచుతో రుద్దానని, ఎడమ వైపు ముందు డోరు, పిడి కింద, అరచేతంత. ఊపిరి అందక ఆగింది.

"ఆ డోరా" అన్నాడు మామయ్య. "ఆ డోరు వేసేటప్పటికి నాకు రంగు కొట్టే గన్ను మూతి కూడా కనపడటం లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"తెలుసు మామయ్యా."

"ఏ పీచు? తీగదా, పచ్చదా?"

"పచ్చది."

"నిలువుగా రుద్దావా, గుండ్రంగానా?"

"గుండ్రంగా. గిన్నెలా."

"గిన్నెలా" అని ఆయన ఆ మాటని ఒకసారి నోట్లో తిప్పుకున్నాడు. "గోరు అడ్డంగా లాగి చూడు. ఎక్కడైనా పట్టుకుంటోందా?"

లాగింది. విరగని వేలి గోరుతో. "లేదు. జారిపోతోంది."

"అయితే పై పూతే. రంగు దాకా పోలేదు. వాటర్ పేపరు ఉంది నా పెట్టెలో, నీళ్లలో తడిపి రుద్దేది, అన్నిటికన్నా నున్నటిది, దాని తర్వాత పాలిష్. నన్ను దుమ్ములోకి వెళ్లద్దన్నారు కాబట్టి రుద్దడం నువ్వే. నేను కుర్చీ వేసుకుని తిడుతూ ఉంటాను." ఆమె కళ్లు తుడుచుకుంటోంది. "అవునుగానీ, చెట్టు కింద ఎందుకు పెట్టినట్టో?" అన్నాడు.

"చల్లగా ఉంటుందని..."

"ఏడు గంటలకి ఎండ ఎక్కువే పాపం" అన్నాడు. అత్తయ్య పకపకా నవ్వడం, అతను "నాన్నా!" అని ఫోను లాక్కోబోవడం, ఆయన ఇవ్వకపోవడం, అన్నీ వినపడ్డాయి. ఆమెకి నవ్వు రాలేదు. ఇందాక మనసులోకి వచ్చిన ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, మామయ్యా ఇంకొకటి కూడా ఉంది అని. చెబితే తన బరువు దిగుతుంది, ఆయన సంతోషం మీద పడుతుంది. మింగేసింది. దాన్ని తనే మోసుకోవాలి.

"ట్యాక్సీ వద్దు మామయ్యా" అంది. "రేపు పదింటికి నేనే కారు తీసుకొస్తాను. గేటు ఎదురుగా ఆపుతాను. ఎడమ వైపు మీకు కనపడేలా ఆపుతాను, ముందు ఆ డోరే చూడండి."

"అలాగే. ముందు చెడిందే చూడాలి, అప్పుడు మిగతాది హాయిగా చూసుకోవచ్చు" అన్నాడు. తర్వాత గొంతు కాస్త తగ్గించాడు. "నువ్వు మాత్రం లోపల కూర్చోకు. దిగి, ఆ డోరు పక్కనే వెలుతురులో నిలబడు. పెళ్లిలో నిన్ను చూశానన్నానే గానీ, ఏదో తెల్లటి ఆకారం కదులుతోందనుకున్నానమ్మా. నీ మొహం నేను ఇంతవరకూ చూడలేదు."

ఆమె చెయ్యి దానంతటదే మొహం మీదికి వెళ్లింది, నుదుటి మీద ఆరిపోయిన నురగ తగిలింది.

"పదింటికి మామయ్యా" అంది. "డోరు పక్కనే నిలబడతాను."